ఊరంతా ఏడో తరగతి

అనుమానం ముందు పుట్టి, ఆ తర్వాత నేను పుట్టానని మా అమ్మ అనేది. అందులో అబద్ధమేమీ లేదు. కూరగాయల బండివాడు తక్కెడ ఎత్తగానే నా చూపు అతని వేళ్ళ మీదికి పోతుంది. ఎవరైనా మరీ తియ్యగా మాట్లాడితే, వీళ్ళకి నాతో ఏం పని పడిందా అని ఆలోచిస్తాను. ఈ గుణం వల్ల నేను బతుకులో పెద్దగా మోసపోయింది లేదు. కానీ దీనివల్లే ఇంకొకరికి నష్టం చేశాను. ఆ ఇంకొకరు మా తమ్ముడు.

తొంభైల్లో జగ్గయ్యపేటలో ఒక టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. పాఠాల కన్నా బయోడేటాలు కొట్టిపెట్టడమే ఎక్కువగా ఉండేది. పేటలో ఎవరు ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలన్నా మా మెట్లు ఎక్కాల్సిందే. అందువల్ల ఎవరు ఏం చదివారో, ఏ సబ్జెక్టు ఎన్నిసార్లు తప్పారో, చివరికి ఎలా గట్టెక్కారో వాళ్ళని కన్నవాళ్ళ కంటే నాకే బాగా తెలుసు. మళ్ళీ ఆర్నెల్లకి అదే మనిషి అదే బయోడేటా కొట్టమని వస్తాడు కాబట్టి, ప్రతిదానికీ ఒక కార్బన్ కాపీ తీసి బీరువాలో పెట్టేదాన్ని.

మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. తమ్ముడు విజయవాడలో పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతుండగా ఆయన పోయారు. అయినా వాడు ఆగకుండా మెకానికల్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పూర్తి చేశాడు. వాడి బయోడేటా నేను ఎన్నిసార్లు కొట్టానో లెక్క లేదు. రెండేళ్ళు పోస్టుమేన్ కోసం ఎదురుచూశాడు. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే పాత చొక్కా వేసుకుని, కూలీల మేస్త్రి వెంట సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ప్యాకింగ్ ప్లాంటులో బస్తాలు లారీలకెక్కించే పని అది. అక్కడ వాడు చెప్పుకున్న చదువు ఏడో తరగతి ఫెయిలు.

ఇది వాడొక్కడి తెలివి కాదు. మా వైపు అప్పటికే అదొక ఆచారం అయిపోయింది. అంతకు కొన్నేళ్ళ ముందు అదే ప్లాంటులో ఒక డిగ్రీ చదివినతను, ముక్కుకి గుడ్డ కాదు, మాస్కులివ్వాలని చట్టంలో ఉందని గట్టిగా అన్నాడట. వారం తిరక్కుండా అతన్నీ, అతనితో పాటు పదో తరగతి దాటిన ప్రతివాణ్ణీ గేటు బయటికి పంపేశారు. ఆ రోజు నుంచి మేస్త్రి కొత్తగా వచ్చినవాణ్ణి మొదట అడిగే మాట ఎంతవరకు చదివావనే. ఏమీ చదవలేదంటే లారీ నంబరు కూడా చూడలేడు. పది అంటే కాగితాలు చదువుతాడు. ఏడు అంటే సరిగ్గా సరిపోయేది. బస్తా మీద అంకె చదవగలడు, చట్టం చదవలేడు. అది కూడా చాలక హాజరు పుస్తకంలో అందరి చేతా వేలిముద్రలే వేయించేవాళ్ళు. మా తమ్ముడు మొదటిరోజు ఇంటికొచ్చి బొటనవేలి సిరా ఎంత తోమినా పోలేదు. అమ్మ చూసి ఏడ్చింది. నేను ఏడవలేదు, ఒళ్ళు మండిపోయింది.

అలాంటి రోజుల్లో, ఒక మధ్యాహ్నం, మెయిన్ రోడ్డులో హార్డ్‌వేర్ కొట్టు ఉన్న షావుకారు గారు మా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. పేట వర్తక సంఘానికి అప్పట్లో ఆయనే పెద్ద. ఎప్పుడూ రాని మనిషి రావడమే కాకుండా, ఫ్యాను కింద కూర్చుని, "అమ్మా, బాగున్నావా" అని అడిగారు. సరే, పని పడిందనుకున్నాను.

"హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వాళ్ళు వస్తామంటున్నారమ్మా. పంపుసెట్లలో వేసే సామాన్లు తయారుచేస్తారంట. హైవే పక్కన చోటు వెతుక్కుంటున్నారు. స్థలం ఉంది, కరెంటుంది, నీళ్ళున్నాయి, రండి బాబూ అన్నా. వాళ్ళేమన్నారో తెలుసా? అవన్నీ ఎక్కడైనా దొరుకుతాయండీ, మీ చుట్టుపక్కల చదువుకున్న పిల్లలు ఎంతమందున్నారో అది చెప్పండి అన్నారు."

"చెప్పకపోయారా?"

"నాకేం తెలుసమ్మా? మేకుల సైజులడిగితే చెబుతా గానీ డిగ్రీల సైజులు నాకు తెలుసా? నీకైతే ఊరంతా తెలుసు. ఇదిగో, వాళ్ళే ఫారాలు అచ్చేయించి పంపారు. పేట, నందిగామ, మధ్యలో ఊళ్ళు తిరిగి రాసుకురావాలి. ఎవరు ఏం చదివారు, ఏం పని వచ్చు, ఉద్యోగమిస్తే చేస్తారా. అంతే."

"హైవే పక్కనంటే మీ నాలుగెకరాల మెట్ట చేను కూడా ఆ దగ్గర్లోనే కదండీ?"

ఆయన నవ్వారు. "ఉంటే ఉందమ్మా. నా చేను పక్కన కంపెనీ వస్తే నీకేమన్నా నొప్పా?"

నొప్పేమీ లేదు గానీ, అనుమానం తీరలేదు. నిప్పు లేనిదే పొగ రాదు కదా. అయినా ఒప్పుకున్నాను. నేను ఒప్పుకున్నది ఊరి బాగు కోసమూ కాదు, షావుకారు చేను కోసమూ కాదు. ఆ కంపెనీ వస్తే మా తమ్ముడు లేతు మిషను ముందు, తాను నేర్చుకున్న పనిలో, తన సొంత సంతకంతో నిలబడతాడు. అప్పటికే వాడికి పొద్దున లేవగానే దగ్గు మొదలయ్యేది. వాణ్ణి ఆ సిమెంటు దుమ్ములోంచి బయటికి లాగాలి. ఫారాల కట్ట చంకన పెట్టుకుని బయల్దేరేటప్పుడు నాకున్న ఆశ అదొక్కటే.

మొదటి ఇల్లు మా వీధిలోదే. ఆ ఇంటాయన బీయస్సీ. బయోడేటా రెండుసార్లు నేనే కొట్టాను. ఆయన భార్య గడప దగ్గరే నిలబడి, "మా ఆయన ఏడో తరగతండీ" అంది.

"అదేంటమ్మా, ఆయన బీయస్సీ అని నేనే కదా కొట్టింది?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అది అప్పుడండీ. ఇప్పుడు ఏడే."

ఏం చేయను? ఏడు అని రాసుకున్నాను. పక్కింట్లో ఏడు. ఆ పక్కింట్లో ఏడు. క్వారీల రోడ్డులో ఉన్న ఒక ఊళ్ళో అరుగు మీద ఒకాయన తొమ్మిదో తరగతి కూతురికి పలక మీద త్రికోణం గీసి లెక్క చెబుతున్నాడు. సైన్ తీటా, కాస్ తీటా అంటుంటే వీధిలోకి వినబడుతోంది. నన్ను చూడగానే పలక బోర్లించాడు. చదువు ఏడన్నాడు.

"మరి పాపకి చెప్పేదేంటండీ?"

"నేను చెప్పడమేంటి మేడమ్, పాపే నాకు చెబుతోంది" అన్నాడు. ఆ పిల్ల నాన్న మొహం చూసి నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తింది.

గరికపాడు దగ్గర ధాబాలో పనిచేసే అబ్బాయి ఐటీఐ అని నాకు కచ్చితంగా తెలుసు. అతని మాటలో అవతలి జిల్లా యాస ఉంటుంది. "ఏడు దాక సదివిన మేడం. గిట్ల రాస్కపోయి ఏం జేస్తరు? ఫ్యాక్టరీల ఇస్తరా?" అని నన్నే నిలదీశాడు. ఒక ముసలమ్మ రేషన్ కార్డు తీసేయడానికే ఈ లెక్కలని తేల్చేసింది. ఇంకో ఊళ్ళో నేను మేస్త్రి మనిషినని నాకంటే ముందే కబురు అందింది. నేను వెళ్ళేసరికి మొగవాళ్ళెవరూ ఇళ్ళలో లేరు, ఆడవాళ్ళందరూ ఒకే మాట మీద ఉన్నారు. వాళ్ళ మీద కోపం రావాలి గానీ నాకు రాలేదు. వాళ్ళ చోట నేనున్నా అదే చెప్పి ఉండేదాన్ని, ఇంకో రెండు తరగతులు తగ్గించి మరీ చెప్పేదాన్ని.

మేస్త్రి ఇంటికి కూడా వెళ్ళాను. వాళ్ళబ్బాయి కూడా పాలిటెక్నిక్ చదివాడని విన్నాను. మేస్త్రి భార్య మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, "మావాడా? ఏడు తప్పాడమ్మా, ఎంత కొట్టినా చదవలా" అంది. ఫ్యాక్టరీలో పైవాళ్ళు ఉన్నారుగా, వాళ్ళ భయం మేస్త్రికీ ఉందన్నమాట. ఏడు అని రాసుకుని వచ్చేశాను.

నందిగామలో కథ తిరగబడింది. కొట్ల వీధిలో ఏ ఇంటికి వెళ్ళినా కాఫీ ఇచ్చారు. గోడ మీద పటం కట్టిన డిగ్రీలు చూపించారు. బీకామ్, ఎమ్‌కామ్, ఒకింట్లో అయితే ముగ్గురన్నదమ్ములకీ డిగ్రీలే. రాసుకోండి, రాసుకోండి, ఊరికి పేరొస్తుంది అన్నారు. "ఉద్యోగమిస్తే చేస్తాడా అండీ" అంటే మాత్రం ఇంటి పెద్దావిడ బుగ్గ నొక్కుకుంది. "ఉద్యోగమా! వాడు గల్లాపెట్టె వదిలి ఒక్క పూట ఉండగలడా తల్లీ?"

అలా తయారైంది లిస్టు. చదువున్నవాళ్ళు పనికి రారు, పనికి వచ్చేవాళ్ళకి చదువు లేదు.

బీరువాలో కార్బన్ కాపీలు ఉన్నాయి కదా. ఒక మధ్యాహ్నం బ్యాచ్‌లు లేనప్పుడు తలుపు వేసుకుని అవన్నీ బయటికి తీశాను. ఎవరి గడపా తొక్కకుండా, ఎవర్నీ అడక్కుండా, అసలు లిస్టు నేను కూర్చున్నచోటే రాయొచ్చు. డిప్లొమాలు, ఐటీఐలు, బీయస్సీలు, టైపులో లోయరు హయ్యరు రెండూ ప్యాసైన ఆడపిల్లలు, అందరూ ఆ కట్టలో ఉన్నారు. మా ఊళ్ళలో ఇంత చదువు ఉందా అని నాకే ఆశ్చర్యం వేసింది. షావుకారు గారికి అది ఇచ్చేద్దామనే అనుకుని, మాట్లాడదామని ఆయన కొట్టుకి వెళ్ళాను.

అక్కడ మేస్త్రి ఉన్నాడు. స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను అంతకు ముందు వారం ఇచ్చిన ఫారాల కట్ట ఆయన మోచేతి కింద ఉంది. ఆయన వెళ్ళాక షావుకారు గారిని నిలదీశాను.

"ఆయనకెందుకు చూపించారండీ?"

"చూపించడమేంటమ్మా? మేకులు కొనడానికొచ్చాడు. బల్ల మీద కాగితాలుంటే చెయ్యి ఆన్చాడు."

"మేకులు కొనడానికొచ్చినాయన టీ దాకా కూర్చుంటాడా?"

"కొట్టుకొచ్చినవాడికి టీ ఇవ్వడం కూడా తప్పేనా? నీతో మాట్లాడటం నా వల్ల కాదమ్మా" అని ఆయన చేతులు జోడించారు.

నేను నమ్మలేదు. ఇన్‌స్టిట్యూట్‌కి తిరిగొచ్చి కార్బన్ కాపీలన్నీ ఎక్కడివక్కడ సర్ది బీరువాకి తాళం వేశాను. వాళ్ళ చదువు వాళ్ళిష్టం, చెప్పొద్దన్నది నేనెలా రాస్తాను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కూడా నిజమే. కానీ తాళం వేయించింది న్యాయం కాదు, భయం.

ఇక మిగిలింది మా ఇల్లే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మ వంటింట్లో ఉంది. తమ్ముడు గుమ్మంలో కూర్చుని సైకిలు చైను బిగిస్తున్నాడు. నేను ఫారం ముందు పెట్టుకుని పెన్ను తీశాను.

"నీది ఏం రాయనురా?"

వాడు తల ఎత్తలేదు. "నీకెలా మంచిదనిపిస్తే అలా రాయి అక్కా."

"డిప్లొమా అని రాస్తే మేస్త్రి చూడొచ్చు. ఆయనా షావుకారూ ఒకటేనేమోనని నాకు అనుమానంగా ఉంది. రేపే నిన్ను గేటు బయట నిలబెడతాడు. ఆ కంపెనీ వస్తుందో రాదో."

"మరి ఏడు రాయి."

"ఏడు రాస్తే, కంపెనీ వచ్చాక నువ్వు పనికి రావంటారు."

వాడు చైను వదిలేసి నా వైపు చూశాడు. "నువ్వు ఏది రాస్తే నేను అదే అక్కా."

వంటింట్లోంచి అమ్మ, "వచ్చేదాని కోసం ఉన్నది పోగొట్టుకోకండి" అంది. నేను ఏడు అని రాశాను. పెన్ను ఆగలేదు కూడా. లిస్టు చివర ఒక పేజీ ఉంది. ఇంటింటికీ తిరిగి విచారించి, నిజమైన వివరాలే రాశానని దాని మీద అచ్చయి ఉంది. ఆ కింద సంతకం చేసి, మర్నాడు షావుకారు గారికి ఇచ్చేశాను.

కంపెనీ వాళ్ళు వచ్చే రోజున కళ్యాణ మండపం అద్దెకు తీసుకున్నారు. షావుకారు గారు రంగు కాగితాలు కట్టించి, వచ్చినవాళ్ళకి బాదంపాలు పోయించారు. నాకు కూడా వేదిక పక్కనే కుర్చీ వేశారు. ఆశ్చర్యమేంటంటే హాలు నిండిపోయింది. నన్ను గడప దాటనివ్వని ఊళ్ళ నుంచి కూడా బస్సులెక్కి, ఆటోలెక్కి వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, నూనె రాసి దువ్విన తలలు. ఏడో తరగతి వాళ్ళందరి జేబుల్లోనూ పెన్నులున్నాయి. మా తమ్ముడు సెలవు పెట్టి వచ్చి వెనక స్తంభం పక్కన నిలబడ్డాడు. మొదటి వరసలో, నాకు ఎదురుగా, చేతులు కట్టుకుని మేస్త్రి కూర్చున్నాడు. చూశారా, నేననుకున్నదే నిజమైంది, ఎవరెవరు చదువు బయటపెడతారో చూసి పేర్లు పట్టుకెళ్ళడానికే వచ్చాడు అనుకున్నాను. హాల్లో అందరూ అదే అనుకున్నారని వాళ్ళ చూపులు చూస్తే తెలుస్తూనే ఉంది.

కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరిలో పెద్దాయన ఇంజనీరు. నెరిసిన మీసాలు, చేతిలో తోలు సంచి. ఆయన లిస్టు తీసుకుని పేజీలు తిప్పారు. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి తిప్పారు. తర్వాత కళ్ళజోడు తీసి, ఎగతాళి లేకుండానే అడిగారు.

"మీ వైపు ఎనిమిదో తరగతి లేదా అండీ?"

ఎవరూ నవ్వలేదు. షావుకారు గారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

ఆయన మంచి మనిషిలా ఉన్నారు. అప్పుడే లేచి వెళ్ళిపోలేదు. "సరే, కాగితాల సంగతి వదిలేద్దాం. మాకు కావలసింది పని" అని సంచిలోంచి గొట్టం ముక్కలాంటి ఒక ఇనప బుష్షు, కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్స్ తీసి బల్ల మీద పెట్టారు. "దీని లోపలి కొలత ఎవరైనా తీసి చెప్పగలరా? చదువు ఎంతని నేనడగను. వచ్చి చూపిస్తే చాలు."

ఆ హాల్లో ఆ పని చేతనైనవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. కొందరి వేళ్ళు తొడల మీద ఊరికే కదులుతున్నాయి. ఒక్కరూ లేవలేదు. అందరి చూపులూ మేస్త్రి వీపు మీద ఉన్నాయి. తమ్ముడి చూపు మాత్రం నా మీద ఉంది. స్తంభం దగ్గర నుంచి, రెప్ప వేయకుండా, నా వైపే చూస్తున్నాడు. లేరా, లేచి రారా అని నా మనసు అరుస్తోంది. మేస్త్రి ఒకసారి కుర్చీలో కదిలాడు. అంతే, నేను తల దించుకుని ఒళ్ళోని ఖాళీ ఫారాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

చాలాసేపటికి ఒక కుర్చీ కిర్రుమంది. లేచింది మేస్త్రే.

"సార్," అన్నాడు. వెనక కూర్చున్న కొడుకు వైపు చెయ్యి చూపించాడు. "సార్, మావాడు పాలిటెక్నిక్ చదివాడండీ. లిస్టులో ఏడని పడింది గానీ చదివాడండీ. ఒరేయ్, లేవరా. చూపించు సార్‌కి."

వాళ్ళబ్బాయి ముందుకొచ్చి, కొలత తీసి, దశాంశం దాకా చెప్పాడు. ఇంజనీరు గారు తాను కూడా తీసి చూసుకుని, భుజం తట్టి, అతని చిరునామా రాసుకున్నారు. మేస్త్రి ఎవరినీ చూడటానికి రాలేదు. తన కొడుక్కి ఒక ఉద్యోగం అడగడానికి వచ్చాడు. ఆ మాట హాల్లో అందరికీ ఒకేసారి అర్థమైంది. అప్పుడైనా మిగిలినవాళ్ళు లేవొచ్చు. కానీ అప్పటిదాకా లేవనివాళ్ళు అప్పుడు లేస్తే బాగోదనుకున్నారో ఏమో, కదల్లేదు. బాదంపాలు తాగి కంపెనీ వాళ్ళు వెళ్ళిపోయారు.

కొన్ని నెలల తర్వాత వాళ్ళు గరికపాడు దాటాక, నల్గొండ జిల్లాలో చోటు తీసుకున్నారని తెలిసింది. షావుకారు గారు నన్నేమీ అనలేదు. తిట్టినా బాగుండేది. "ఏడో తరగతి ఊరికి ఎవరొస్తారమ్మా" అని మాత్రం అని, మేకులు తూకం వేసుకోవడంలో పడిపోయారు. ఆయన చేను చాలాకాలం అలాగే ఉంది. ఆ చేను అమ్ముకోవడానికే ఇదంతా చేశారన్న నా అనుమానం నిజమే అయి ఉండొచ్చు. అయితే ఏంటి? చేను అమ్ముడుపోతే పోయేది, మా పిల్లలకి పని దొరికేది. ఆ ముక్క అప్పుడు నా బుర్రకెక్కలేదు.

మేస్త్రి కొడుకు రోజూ పొద్దున్నే నీలం యూనిఫారంతో హైవే మీద కోదాడ బస్సు కోసం నిలబడేవాడు. మా తమ్ముడు అదే దారిలో సైకిలు మీద ప్యాకింగ్ ప్లాంటుకి వెళ్ళేవాడు. అది చూసిన ప్రతిసారీ నాకు మేస్త్రి మీద కాదు, తమ్ముడి మీద కోపం వచ్చేది. బల్ల మీద వస్తువు పెట్టి పిలిస్తే లేవలేకపోయాడు. మేస్త్రిని చూసి బిగుసుకుపోయాడు. వాడి పిరికితనమే వాడి కొంప ముంచిందని అమ్మతో చాలాసార్లు అన్నాను. వాడు వినేలా కూడా ఒకటి రెండుసార్లు అన్నాను. వాడు ఏమీ అనేవాడు కాదు. అనకపోవడంతో నా మాట ఇంకా నిజమనిపించేది.

రెండు వేల సంవత్సరం దాటాక మా ఇన్‌స్టిట్యూట్‌లో టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఫ్యాక్టరీలో కూడా కొత్త మిషన్లు వచ్చాయి. బస్తాలు వాటంతటవే నిండి, వాటంతటవే లారీలోకి వెళ్ళడం మొదలైంది. మిషన్ల దగ్గర చదువుకున్నవాళ్ళు ఉండాలని, ఏడో తరగతి వాళ్ళందరినీ ఆపేశారు. తమ్ముడు కూడా అందులో ఉన్నాడు.

వాడు మర్నాడు ట్రంకు పెట్టెలోంచి డిప్లొమా సర్టిఫికెట్ తీసుకుని, కోదాడ వైపు ఆ కంపెనీకే వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. నేను ఆ పూట ఇంట్లోనే ఉన్నాను. చెప్పులు విప్పి, సర్టిఫికెట్ కవరు మంచం మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

"ఏమన్నారురా?"

"ఇన్నేళ్ళు ఏం చేశావని అడిగారు. బస్తాలు మోశానని చెప్పా. డిప్లొమా చదివి బస్తాలెందుకు మోశావన్నారు. సర్టిఫికెట్ వెలుతురులో పెట్టి రెండు వైపులా చూశారు. మా దగ్గర వయసు కూడా దాటిపోయిందిలే అన్నారు."

నాకు దుఃఖం రాబోయి కోపం వచ్చింది. నాకెప్పుడూ అంతే. "ఆ రోజు మండపంలో ఆ మేస్త్రికి భయపడి నిలబడిపోకుండా ఉంటే ఈ గతి పట్టేదా? పిలిచి మరీ అడిగాడు కదరా ఆ ఇంజనీరు! లేచి నాలుగడుగులు వేయడానికి నీకేమైంది?"

వాడు నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. పిరికివాడన్న మాట వాడు విన్నదే గానీ, మేస్త్రికి భయపడ్డాడని నేను అనుకుంటున్నట్టు వాడికి అప్పుడే తెలిసినట్టుంది.

"నేను మేస్త్రికి భయపడలా అక్కా."

"మరి?"

"లిస్టు ఆ ఇంజనీరు చేతిలో ఉంది. నిజమే రాశానని దాని కింద నువ్వు సంతకం పెట్టావు. నేను లేచి కొలత తీస్తే, సొంత తమ్ముడి చదువే తప్పు రాసిందని అంతమందిలో తేలిపోదూ? నిన్ను ఏమంటారో అనిపించింది. అందుకే నీ వైపు చూశా. నువ్వే ఒక్క మాట, మా తమ్ముడు డిప్లొమా అండీ అని అంటావేమో, అంటే చాలు, పరుగెత్తుకుంటూ వద్దామనుకున్నా. నువ్వు తల దించేసుకున్నావు. సరే, అక్క వద్దంటోందనుకున్నా."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. అమ్మ లోపల గిన్నెలు సర్దడం ఆపేసింది. "ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదరా" అన్నాను.

వాడు కవరు తీసి నాకిచ్చాడు, పెట్టెలో పెట్టమని.

"చెబితే నమ్మేదానివా?"

నమ్మేదాన్ని కాదు. పిరికితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి నా సంతకం అడ్డం పెట్టుకుంటున్నాడనుకునేదాన్ని. ఆ సంగతి వాడితో ఒప్పుకోలేక, అన్నం పెడతాను, లేవమన్నాను.